రేపటి లెక్కలో ఎవరున్నారు?

ధ్యాన భాగములు: లూకా 12:16–21, 1 సమూయేలు 20:12–17, యోహాను 19:25–27



తగరపువలస వంతెనమీద నిలిచి గోస్తనీ నదిని చూచినవారికి దాని కథ అంతయు కనబడదు. అది అనంతగిరి కొండలలో పుట్టి, మన పొలములను ఒరసికొనుచు వచ్చి, భీమునిపట్నము దగ్గర సముద్రములో కలియుచున్నది. నడుమ తాటిపూడియొద్ద 1960లలో దానికి ఆనకట్ట కట్టిరి. ఆ జలాశయపు నీరు చేలకు పారుటయే గాక విశాఖపట్నములోని ఇండ్లకును పోవుచున్నది. అక్కడ రాళ్లు మోసినవారిలో అనేకులు ఇప్పుడు సమాధులలో ఉన్నారు. పట్టణములో కుళాయి త్రిప్పి చెంబు నింపుకొను చిన్నబిడ్డకు వారి పేరు తెలియదు. అయినను ఆ బిడ్డ దాహము తీరుచునే యున్నది.

ఈ మాసము మనము ఒక ప్రశ్నను ధ్యానింతము. మనిషి రేపటిని గూర్చి ఏర్పాటు చేసికొనవచ్చునా? చేసికొనవచ్చునన్నయెడల, ఎట్టి ఏర్పాటు దేవునికి ఇష్టమైనది?

మన సంఘములలో ఈ విషయమై రెండు తలంపులు గలవు. కొందరు పెద్దలు, "రేపటిని గూర్చి చింతపడవద్దని ప్రభువు కొండమీద చెప్పెను గదా. లెక్కలు వేయుట అవిశ్వాసము" అందురు. మరికొందరు, ముఖ్యముగా పడుచువారు, "దేవుడు తెలివి ఇచ్చినది దేనికి? ముందుచూపు లేనివాడు వెనుకబడును" అందురు. ఈ ఇరువురి మాటలోను కొంత సత్యమున్నది. ఇరువురును వాక్యములో సగము చదివి పుస్తకము మూసివేయుచున్నారు.

మన ప్రాంతములో ఈ ప్రశ్న ఊరికే పుట్టినది కాదు. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లో పునాదిరాయి పడినది. 1992లో అది జాతికి అంకితమైనది. ఆ పనికి భూములిచ్చిన పల్లెలవారి బ్రతుకు ఒక్క తరములోనే మారిపోయెను. మన చెంతనున్న భోగాపురములో విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగెను. అప్పటినుండి గట్టుమీద కూర్చున్నను, గుడి మెట్లమీద కూర్చున్నను సెంటు ధర మాటయే. మరియొక ప్రక్క చూడుడి. చిట్టివలస జనుపనార మిల్లు కూతతో లేచి, ఆ కూతతో పండుకొనిన వేలాది కుటుంబములు 2009లో ఆ మిల్లు మూతపడగా తెల్లబోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క దినములో ఎన్ని తోటలను నేలకూల్చెనో మనము కన్నులార చూచితిమి. 2020లో వచ్చిన తెగులు ఎందరి ముహూర్తములను, ఎందరి ప్రయాణములను ఆపివేసెనో మీకు తెలియును. ఒకవైపు ధనము వచ్చుచున్నది; మరియొకవైపు ఉన్నది పోవుచున్నది. ఇట్టి చోట నివసించువాడు రేపటిని తలంపక ఎట్లుండును?

వాక్యము ఏమనుచున్నదో చూతము. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి తన చేతిలోనున్నది చాలునో లేదో లెక్క చూచుకొనవలెనని ప్రభువే బోధించెను (లూకా 14:28–30). కాబట్టి లెక్క చూచుట పాపము కాదు. అదే లూకా సువార్త పండ్రెండవ అధ్యాయములో మరియొక మనుష్యుడున్నాడు. అతని భూమి బాగుగా పండినది. పాత కొట్లు చాలక వాటిని విప్పి గొప్పవి కట్టుదుననుకొనెను. ఆ రాత్రియే దేవుడు అతనిని వెఱ్ఱివాడని పిలిచెను. ఎందువలన? కొట్లు కట్టగోరినందుకా? యోసేపు ఐగుప్తులో ఏడు సంవత్సరముల ధాన్యము కొట్లలో కూర్చెను. దేవుడు అతనిని మెచ్చుకొనెనే గాని గద్దించలేదు.

ఆ ఉపమానమును మరల నెమ్మదిగా చదువుడి. ఆ ధనవంతుడు ఎవరితో మాటలాడుచున్నాడు? తనతోనే. భార్యతో కాదు, పొరుగువానితో కాదు, కోత కోసిన కూలివానితో కాదు, దేవునితోనైనను కాదు. తన ప్రాణముతో తానే సంభాషించుకొనుచున్నాడు. మాటమాటకు ముందు "నా" అనుచున్నాడు. అంత పెద్ద పంటలో అతనికొక స్నేహితుడు కనబడడు. చివరకు దేవుడు అతనిని అడిగిన ప్రశ్న ఏమి? నీవు కూర్చినది ఎవరికి చెందునని గదా. అతడు అన్నియు లెక్కించెను గాని ఆ ఒక్క లెక్క వేయలేదు. యోసేపు కొట్లకును ఇతని కొట్లకును ఉన్న భేదము ఇదియే. యోసేపు లెక్కలో ఆకలిగొనినవారున్నారు. ఇతని లెక్కలో ఇతడొక్కడే యున్నాడు.

నేను ఇతరులను గద్దించుటకు ఇది వ్రాయుటలేదు. నా కథ ఒకటి చెప్పవలసియున్నది.

నాకు బాల్యమునుండి ఒక స్నేహితుడుండెను. గోస్తనీ ఇసుకలో ఇద్దరము చెలమలు తీసి ఆడుకొన్నవారము. పెద్దవారమైన తరువాత అతడు మిల్లు పనికి పోయెను. ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే మేమిద్దరము చింతచెట్టు క్రింద కూర్చుండి, ఎండ వాలువరకు మాటలాడుకొనెడివారము. వానలను గూర్చి, ఎన్నికలను గూర్చి, పాటల రాగములను గూర్చి, పాస్టరుగారి ప్రసంగమును గూర్చి మాటలాడితిమి. నలువది ఏండ్లు అట్లు గడచినవి. మా స్నేహమును చూచి ఊరివారు దావీదు యోనాతానులని పరిహాసమాడెడివారు.

మిల్లు మూతపడిన తరువాత అతడు ఒకచోట కావలి పనికి కుదిరెను. ముఖములో దిగులు కనబడనిచ్చెడివాడు కాడు. పెద్దకుమార్తె పెండ్లి చేసెను. ఇంటికి స్లాబు వేసెను. "దేవుడు నడిపించుచున్నాడు" అనెడివాడు. నేనును "ఆమేన్" అంటిని. ఒక తెల్లవారుజామున గుండె ఆగి అతడు ప్రభువునొద్దకు వెళ్లిపోయెను. సమాధి కార్యక్రమము జరిగిన మూడవ దినమున ప్రామిసరీ నోట్లు పట్టుకొని నలుగురు మనుష్యులు ఆ ఇంటి అరుగుమీదికి వచ్చిరి. అతని భార్యకు ఆ అప్పులలో ఒక్కటియు తెలియదు. ఇంటి పత్రము ఎవరియొద్ద నున్నదో తెలియదు. బ్యాంకు పుస్తకములో నామినీ పేరు లేదు. చిన్నకుమార్తె అప్పుడే ఇంటరు పూర్తిచేసినది.

ఆమె నన్ను చూచి ఒకటే ప్రశ్న అడిగెను: "మీకైనా ఒక్క మాట చెప్పారేటి, అన్నయ్యగారూ?"

నాయొద్ద జవాబు లేకపోయెను. అతడు నాకు చెప్పలేదు. కాని అంతకంటె ఎక్కువగా నన్ను నొప్పించినది మరియొకటి: నేను అడుగలేదు. నలువది ఏండ్లలో ఒక్క ఆదివారమైనను, "ఒరే, నీ ఇల్లు ఎట్లు గడచుచున్నది? నీవు లేనినాడు మేమేమి చేయవలెను?" అని నేను అతనిని అడిగిన పాపమున పోలేదు. అడిగినయెడల అతని గౌరవమునకు భంగమగునేమోనని అనుకొంటిని. నిజమునకు, అడిగినయెడల సహాయము చేయవలసివచ్చునేమోనని కూడ నా హృదయములో ఒక మూల భయపడితిని. దేవుని యెదుట దీనిని దాచిపెట్టుటవలన లాభము లేదు.

మమ్మును దావీదు యోనాతానులని పిలిచిరని చెప్పితిని గదా. ఆ దినమున ఇంటికి వచ్చి సమూయేలు మొదటి గ్రంథము తెరచితిని. ఆ ఇద్దరి స్నేహము నేననుకొన్నట్టిది కాదు. ఇరువదియవ అధ్యాయములో వారిద్దరు పొలములో ఒంటరిగా కలిసికొన్నప్పుడు యోనాతాను తన రేపటిని గూర్చి బాహాటముగా మాటలాడెను. తాను చనిపోయినను తన ఇంటివారియెడల దయ చూపవలెనని దావీదుచేత ప్రమాణము చేయించెను. రాజకుమారుడు! సింహాసనమునకు వారసుడు! అట్టివాడు తన స్నేహితుని యెదుట, "నేను లేకపోవచ్చును, నా పిల్లలను నీకు అప్పగించుచున్నాను" అను భావముతో మాటలాడుటకు సిగ్గుపడలేదు. ఏండ్లు గడచెను. యోనాతాను గిల్బోవ కొండమీద పడిపోయెను. దావీదు రాజైన పిదప యోనాతాను ఇంటివారిలో ఎవడైన మిగిలియున్నాడా అని వెదకించి, రెండు కాళ్లును కుంటివైన మెఫీబోషెతును రప్పించి, తన బల్లయొద్దనే భోజనము చేయునట్లు ఏర్పాటు చేసెను (2 సమూయేలు 9). ఆ కుంటివాని పళ్లెములోని భోజనము ఎప్పుడు వడ్డింపబడెను? రాజనగరులో కాదు, ఎన్నో ఏండ్ల క్రిందట పొలములో ఇద్దరు పడుచువారు దాచక మాటలాడుకొన్న ఆ ఘడియలో.

ఇది పాతనిబంధన కాలపు సంగతియేనా? కాదు. మనకు ముప్పది కిలోమీటర్లకు అటు ఇటుగానున్న విశాఖపట్నములోనే ఇట్టిదొకటి జరిగెను. 1805లో లండను మిషనరీ సొసైటీవారు పంపిన ఇద్దరు దొరలు, జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు, అక్కడ దిగిరి. వారికి తెలుగు రాదు. ఓనమాలనుండి నేర్చుకొనిరి. సువార్తలను తెలుగులోనికి తర్జుమా చేయుటకు పూనుకొనిరి. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు ఆ పనిలో వారితో చేయి కలిపెను. దొరలిద్దరు, మన దేశపువాడొకడు, ఒకే బల్లయొద్ద ఒకే వాక్యమునకు తగిన మాట వెదకుచు కూర్చుండిరి.

1809లో క్రాన్ దొర చనిపోయెను. మరుసటి సంవత్సరము 1810లో డెస్ గ్రాంజెస్ దొరయు చనిపోయెను. ఓడ దిగి అయిదేండ్లు దాటునప్పటికి ఇద్దరును వెళ్లిపోయిరి. లోకస్థుడెవడైన ఆ లెక్క చూచినయెడల, ఇది ముగియని గోపురమని నవ్వియుండును. కాని ఆ పని ఒకని పెట్టెలో తాళము వేసియుంచిన పని కాదు. ఇతరులకు తెలిసిన పని, ఇతరులు చేయి వేసిన పని. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడెను. వారి వెనుక విశాఖపట్నము వచ్చిన ఎడ్వర్డు ప్రిచెట్ దొర ఆ పనిని కొనసాగించి క్రొత్తనిబంధన తర్జుమాను ముగింపగా, అది 1818లో మద్రాసులో అచ్చయ్యెను. విత్తినవారు ఆ పుస్తకమును చేతితో ముట్టలేదు. కాని ఆ ముగ్గురు పట్టుకొన్న పని ఒకని మరణముతో మరణింపలేదు.

ఇక్కడ మనము జీవితోద్దేశ్యమును గూర్చి ఒక మాట నేర్చుకొందము. పడుచువారు తరచుగా వచ్చి, "అయ్యా, నేను ఎందుకు పుట్టితినో నాకు తెలియుటలేదు. దేవుడు నన్ను ఏ పనికి పిలిచెనో ఎట్లు తెలిసికొందును?" అని అడుగుచున్నారు. ఇది మంచి ప్రశ్న. అయితే ఈ ప్రశ్నలో కూడ "నేను, నాకు, నన్ను" అనునవే యున్నవి. దీనిని కొంచెము మార్చి అడుగుడని నేను వారికి చెప్పుచున్నాను: "దేవుడు నాకు ఎవరిని అప్పగించెను? నన్ను ఎవరికి అప్పగించెను?" ఈ ప్రశ్నకు జవాబు దొరకుటకు దర్శనములు అవసరము లేదు. ఇంటిలోనున్న ముసలితల్లి, బడి మానిన తమ్ముడు, ప్రక్కవీధిలోని విధవరాలు, ఆరాధనకు రాక నాలుగు వారములైన స్నేహితుడు: వీరి పేర్లు మనకు తెలియును. ఉద్దేశ్యము ఆకాశములో వెదకవలసిన నక్షత్రము కాదు. ఎక్కువ భాగము అది మన గుమ్మమునొద్దనే కూర్చుండియున్నది.

కొందరు అడుగవచ్చును: "స్నేహితుని నమ్మి చెప్పితిమి; అతడు మోసము చేసినయెడల ఏమి?" అట్టివి జరుగుచున్నవి, కాదనను. హామీ సంతకము పెట్టి పొలము పోగొట్టుకొన్నవారు మన సంఘములలో నున్నారు. అన్యుని కొరకు పూటపడువాని ఆపదను గూర్చి సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది (సామెతలు 11:15). కాబట్టి అందరికి అన్నియు చెప్పుమని నేననుటలేదు. సంతకము వేరు, సత్యము వేరు. స్నేహితునికి సంతకము ఇచ్చుటకు ముందు ఆలోచింపుడి. సత్యము చెప్పుటకు మాత్రము మరీ ఆలస్యము చేయకుడి. పడిపోయినవానిని లేవనెత్తుటకు ఒక్కడైన ఉండవలెనని ప్రసంగి వ్రాసిన మాట (ప్రసంగి 4:9–10) మీకు తెలియును. నీవు పడియున్నావని ఎవనికిని తెలియనియెడల, నిన్ను లేవనెత్తువాడు ఎక్కడనుండి వచ్చును?

ఇందులో మన స్త్రీలు మనకంటె ముందున్నారు. డ్వాక్రా సంఘములు చూడుడి. పది పదిహేనుమంది స్త్రీలు నెలకొకసారి ఒక చాపమీద కూర్చుండి, ఎవరి ఇంట ఏ అవసరమున్నదో, ఎవరు ఎంత కట్టవలెనో అందరి ముందు మాటలాడుకొనుచున్నారు. అప్పు దాచుట అక్కడ కుదరదు. దాచవలసిన అవసరమును లేదు. మగవారమైన మనము మీసము మెలిపెట్టి, "నా ఇంటి సంగతి నీకేల?" అందుము. ఆ మీసమునకు మన భార్యాపిల్లలు తరువాత వడ్డీ కట్టుచున్నారు.

మన ప్రభువు చూపిన మాదిరి అన్నిటికంటె గొప్పది. సిలువమీద వ్రేలాడుచు, ఊపిరి తీయుటకే కష్టపడుచున్న ఆ ఘడియలో ఆయన ఏమి చేసెను? లోకపాపమును మోయుచున్న ఆ దినమున ఒక ముసలితల్లి రేపటి భోజనము ఆయనకు చిన్న సంగతిగా కనబడలేదు. తల్లిని తాను ప్రేమించిన శిష్యునికి చూపి, శిష్యుని తల్లికి చూపి, ఒకరినొకరికి అప్పగించెను. ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెనని యోహాను వ్రాసెను. గమనింపుడి. ఆయన ఆమెకు ఇల్లు వ్రాసియిచ్చుటకు ఆయనకు ఇల్లు లేదు. ధనము లేదు. అంగీ కూడ చీట్లు వేయువారి పాలైనది. కాని ఆయనకొక స్నేహితుడుండెను. రేపటిని గూర్చి చింతపడవద్దని చెప్పినవాడే ఆ ఏర్పాటు చేసెను. చింత వేరు, ఏర్పాటు వేరు. చింత మనలను మనలోనికే ముడుచును. ప్రేమతో చేసిన ఏర్పాటు మన చేతిని ఇంకొకరి చేతిలో పెట్టును.

కాబట్టి ఈ మాసములో చేయదగిన నాలుగు పనులు మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటిది, ఒక కాగితము తీసికొని మీ అప్పులు, మీకు రావలసినవి, పొలము పత్రములు ఉన్న చోటు, బ్యాంకు పుస్తకము, దానిలోని నామినీ పేరు స్పష్టముగా వ్రాయుడి. చదువురానివారు ఎదిగిన బిడ్డచేత వ్రాయించుడి. అది మీ భార్యకు లేక భర్తకు చదివి వినిపింపుడి.

రెండవది, మీ స్నేహితులలో ఒకనిని ఎన్నుకొనుడి. ఆదివారము ఆరాధన తరువాత వానలను గూర్చి మాటలాడుట ముగిసిన పిమ్మట, "నీ ఇల్లు ఎట్లున్నది?" అని అడుగుడి. అతడు "బాగున్నది" అన్నంతట లేచి రాకుడి. కొంచెముసేపు కూర్చుండుడి.

మూడవది, భూమి అమ్మి ధనము చేతికి వచ్చినవారు, ఆ ధనములో మీ ఇంటివారు కాని ఒకరి పేరు వ్రాయుడి. ఒక పిల్లవాని చదువు కావచ్చును, ఒక రోగి మందు కావచ్చును. ఒక్క పేరు చాలును. ఆ ఒక్క పేరు మీ కొట్టును యోసేపు కొట్టుగా మార్చును.

నాల్గవది, పట్టణమునకో పరదేశమునకో పోవు పడుచువారు, పోవుటకు ముందు ఇక్కడ ఎవరిని విడిచి పోవుచున్నారో వారిని ఒకరికి అప్పగించి పొండి. యాకోబు చెప్పినట్లు, ప్రభువు చిత్తమైతేనే మనము బ్రదికి ఇది అది చేయుదుము (యాకోబు 4:13–15). ఆ మాట పెండ్లి పత్రికలో అలంకారముగా వేసికొనుటకు కాదు. ప్రభువు చిత్తము వేరుగా నున్నయెడల నా పనిని ఎవరు పట్టుకొందురు అని ఆలోచించుటకు.

నా స్నేహితుని ఇంటి సంగతి ముగించెదను. మా సంఘపు స్త్రీలు, అతనితో పనిచేసిన కొందరు మిత్రులు, నేను ఒక సాయంకాలము ఆ అరుగుమీదనే కూర్చుంటిమి. అప్పులవారిని ఒక్కొక్కరిని పిలిచి మాటలాడితిమి. ఇద్దరు వడ్డీ మానుకొనిరి. అసలు కొద్దికొద్దిగా తీరుటకు ఆరేండ్లు పట్టెను. ఇల్లు నిలిచినది. చిన్నకుమార్తె నర్సు చదువు చదివి ఇప్పుడు విశాఖపట్నములో పనిచేయుచున్నది. సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి నా రక్తపోటు చూచి, ఉప్పు తగ్గించుమని నన్ను గద్దించిపోవును. ఆమె నా చేతికి ఆ పట్టీ చుట్టునప్పుడెల్లను నాకు ఆ చింతచెట్టు జ్ఞాపకము వచ్చును. అతడు బ్రదికియున్నప్పుడే నేను అడిగియుంటే, ఆ మనుష్యుడు తన కడపటి సంవత్సరములలో రాత్రులు నిద్రపోయియుండునేమో. ఆ మాట మాత్రము నాకు ఇంకను భారముగానే యున్నది. మీకు అట్టి భారము మిగులకూడదనియే ఇది వ్రాసితిని.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. మన ఇంటి రేపటి లెక్కలో మనము గాక ఇంకెవరున్నారు?
2. ఈ రాత్రి నేను ప్రభువునొద్దకు పోయినయెడల, నేను మొదలుపెట్టిన ఏ పనిని ఎవరు కొనసాగింపగలరు? అది వారికి తెలియునా?
3. నేను అడుగక విడిచిన స్నేహితుడెవడు?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా దినములు నీ చేతిలో నున్నవి. మేము కట్టు కొట్లలో ఆకలిగొనినవారికి చోటు దయచేయుము. మా నోటికి సత్యము చెప్పు ధైర్యమును, మా చెవులకు స్నేహితుని మౌనమును వినగల ప్రేమను ఇమ్ము. మేము ముగింపలేని పనిని మా వెనుక వచ్చువారి చేతులకు అప్పగించుటకు మమ్మును సిద్ధపరచుము. తన తల్లిని స్నేహితునికి అప్పగించిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.